కరిగిపోయిన గోళ్లు తిరిగి ఇచ్చి వచ్చిన ప్రయాణం

తెనాలికి తిరిగొచ్చాక నన్ను అందరూ అడిగిన మొదటి ప్రశ్న, కుంటాల జలపాతం చూశావా అని. చూడలేదు. రెండో ప్రశ్న, అక్కడి భోజనం నోటికి పట్టిందా అని. పట్టింది. ఇంకేమీ అడగలేదు. ఆదిలాబాద్ వైపు వెళ్లొచ్చిన మనిషి అడవి గురించీ జలపాతం గురించీ చెప్పాలి. నేను వెళ్లింది వేరే పని మీద. ఒక ముసలావిడ వండిన అన్నం పిల్లలు మళ్లీ తినేలా చెయ్యగలనేమోనని వెళ్లాను. ఆ దారీ, అక్కడ తిన్న తిండీ, విన్న మాటలూ, చివరికి జరిగిందీ ఇక్కడ రాస్తున్నాను. వినోదం కోరేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

కరీంనగర్

మా కాలేజీ నుంచి అధ్యాపకుల మార్పిడి కింద ఒక విద్యా సంవత్సరం కరీంనగర్‌లో రసాయనశాస్త్రం చెప్పడానికి వెళ్లాను. గెస్ట్ హౌస్‌లో నా ఎదురు గదిలో ఉన్నది అల్మాజ్. ఇథియోపియా నుంచి అదే మార్పిడి పద్ధతిలో వచ్చిన యువతి. నవ్వితే ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు కనబడేవి. చిన్నప్పుడు తాగిన బావినీళ్లలోని ఫ్లోరైడ్ రాసిన చారలవి. అలాంటి నీళ్ల మీదే ఆమె పరిశోధన.

వంటావిడ రాజవ్వ దగ్గర అల్మాజ్ మూడు నెలల్లో తెలుగు పట్టేసింది. "జర ఆగుండ్రి", "మంచిగున్నరా" అంటుంటే బజారంతా మురిసిపోయేది. నేను "కొంచెం ఆగండి" అంటే కూరగాయలమ్మే ఆమె నన్ను ఎగాదిగా చూసి అల్మాజ్‌ని అడిగింది: "గీ అమ్మది ఏ దేశం బిడ్డా?"

భోజనానికి కష్టపడలేదు. రాజవ్వ చేసే పచ్చిపులుసు మా ఉడికించిన పులుసు ముందు పనికిరాదనే అనుకున్నాను మొదట్లో. నెల తిరక్కుండా అది లేకపోతే ముద్ద దిగని పరిస్థితి వచ్చింది. జొన్నరొట్టె చేతిలోకి తీసుకుని అల్మాజ్, "మా రొట్టె పుల్లగా ఉంటుంది, మెత్తగా ఉంటుంది. ఇది అలిగిన చుట్టంలా ఉంది" అనేది. అని, మూడు తినేది.

అల్మాజ్ పని ఇదీ. ఆసిఫాబాద్ అవతల ఒక ఊళ్లో, పేరు రాయను, బడి పక్కన ఒక బోరు ఉంది. నీళ్లు మంచివి కావని దాని మీద ఎప్పుడో ఎర్రరంగు గీత కొట్టారు. ఊరికి పైపు నీళ్లు వచ్చాయి. కానీ పైపు నీళ్లు మందు వాసనేస్తాయి, బోరు నీళ్లు తియ్యగా ఉంటాయి. ఎవరిని అడిగినా పైపు నీళ్లే తాగుతున్నామంటారు. నిజానికి ఒంట్లోకి ఏ నీళ్లు పోతున్నాయో గోళ్లు చెబుతాయి. అందుకని చలికాలంలో వెళ్లి ముప్పై ఇళ్ల వాళ్ల గోళ్లు పోగుచేసి తెచ్చాం. నా ల్యాబ్‌లో వాటిని ఆమ్లంలో కరిగించి ఫ్లోరైడ్ కొలిచాం. ఫలితం అనుకున్నదానికన్నా ఘోరం. ఊరు ఊరంతా ఆ బోరే తాగుతోంది.

గోళ్లు పోగుచేసి పెట్టింది లచ్చుబాయి. అంగన్‌వాడీలో పిల్లలకు వండిపెట్టే ఆయా. అరవైకి దగ్గర పడ్డ విధవ. మంగళ, శుక్రవారాల్లో గోళ్లు తియ్యకూడదు, దీపాలవేళ తియ్యకూడదు, ఇంట్లో రాల్చకూడదు అని ఊళ్లో వంద ఆంక్షలు. ఆమె ఒక్కొక్క గడపకీ తిరిగి, బుజ్జగించి, కాగితం పొట్లాల్లో తెచ్చి ఇచ్చింది. గోళ్లూ వెంట్రుకలూ పరాయి చేతిలో పడితే బాణామతి చేస్తారని ఆ ప్రాంతంలో భయం. ఆ సంగతి నాకు తెలియనిది కాదు. పన్నెండేళ్ల వయసు నుంచి మా ఇంటి వరండాలో చేతబడి మీదా దెయ్యాల మీదా వాదనలు వింటూ పెరిగినదాన్ని. చదువుకుంటున్న పిల్లలున్న ఊరు కదా, చెబితే అర్థం చేసుకుంటారనుకున్నాం.

మోదుగలు పూసే రోజుల్లో లచ్చుబాయి కూతురు సరోజ ఫోన్ చేసింది. నస్పూర్‌లో ఉంటుంది. భర్త బొగ్గుగనిలో పని.

"మేడం, మా అవ్వను మంత్రగత్తె అంటున్నరు. మా ఊళ్లె రజిత బిడ్డ సాన్వికి ఫిట్స్ అచ్చినయట. గోర్లు తీస్కపోయినంకనే అచ్చినయని ఊరు మొత్తం ఒక్కటైంది. అవ్వ వండిన అన్నం పిల్లలతోని తినిపిస్తలేరు. ఒక్క పోరడు రాడు. గుడ్లు ఉడకబెట్టి పెడితే పెట్టినట్టే ఉంటున్నయి."

"ఏమంటారు వాళ్లు?"

"మా గోర్లు మాకు తెచ్చియ్యుండ్రి, ఫికర్ లేదు, అవ్వను ఏమనం అంటున్నరు."

నేను అల్మాజ్ వైపు చూశాను. ఆమెకు అంతా అర్థమైంది. ఆ గోళ్లు ఇప్పుడు ఈ భూమ్మీద లేవు.

బయల్దేరాం.

కొండగట్టు

బస్సులో ఆడవాళ్లకు టికెట్ లేదు. అల్మాజ్ పాస్‌పోర్టు తీసింది, నేను ఆధార్ కార్డు తీశాను. కండక్టర్ రెండూ చూసి నవ్వాడు. "ఆమెది ఆఫ్రికా, మీది ఆంధ్ర. ఇద్దరికీ కొట్టాలె మేడం." కొట్టించుకున్నాం. వెనక సీట్లో ఒకామె, "అయ్యో, మన భాష మాట్లాడతాంది గదా ఆ పిల్ల, ఆమెకన్న ఇడిసిపెట్టరాదు?" అని వాదించింది. నా తరఫున ఎవరూ వాదించలేదు.

సాన్విని తీసుకుని రజిత కొండగట్టులో ఉందని సరోజ చెప్పింది. అందుకే దారిలో దిగాం. ఆంజనేయుడి కొండ అది. మంగళవారం. కొండ మీద ఇసక వేస్తే రాలనంత జనం. కొబ్బరిచిప్పల కోసం కోతులు, చెప్పుల కోసం మనుషులు కొట్లాడుకుంటున్నారు. నిమ్మకాయ సోడా ఇరవై రూపాయలు, కొబ్బరికాయ నలభై. మతి చలించిన వాళ్లనీ మూర్ఛ వచ్చేవాళ్లనీ ఇక్కడికి తెచ్చి, నయమయ్యేదాకా కొండ మీద నిద్ర చేయిస్తారు. ఒక రేకుల షెడ్డులో పడుకోబెట్టిన వాళ్లను చూశాను. ఒక యువకుడు గోడకేసి నుదురు ఆనించి తనలో తాను మాట్లాడుకుంటున్నాడు. వాళ్ల నాన్న వాడి చొక్కా అంచు పట్టుకుని కూర్చునే నిద్రపోతున్నాడు. నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆ పట్టుకున్న చెయ్యి మీద ఎలా కోప్పడాలో తెలియలేదు.

రజితకు పాతికేళ్లుంటాయి. మమ్మల్ని చూడగానే కూతుర్ని కొంగులోకి లాక్కుంది.

"మళ్ల ఎందుకొచ్చిండ్రు?"

"పాపను చూద్దామని అమ్మా."

"చూసింది సాలదా? మీరు గోర్లు తీస్కపోయిన నెలకే నా బిడ్డ కిందపడి కొట్టుకున్నది."

"డాక్టర్‌కి చూపించారా?"

"చూపియ్యకుంట ఉంటనా? మంచిర్యాల తీస్కపోయిన. మందులు రాసిచ్చిండు. వేసినన్ని దినాలు మంచిగున్నది. మంచిగైంది గదా అని ఆపినం. మళ్ల అచ్చింది."

"ఆపినందుకే వచ్చిందమ్మా!" నా గొంతు పెద్దది. చుట్టూ నలుగురు తిరిగి చూశారు.

రజిత తగ్గలేదు. "ఆపితే మళ్ల అచ్చింది, సరే. మొదాలు ఎందుకు అచ్చింది? గది చెప్పుండ్రి."

చాలామంది పిల్లలకు మూర్ఛ ఎందుకు మొదలవుతుందో వైద్యులకూ తెలియదు. తెలియదు అని ఒప్పుకోవడమే విజ్ఞానానికి గౌరవం అని ఎన్నో హేతువాద సభల్లో చప్పట్లు కొట్టించుకున్న మాట నాది. ఆ రేకుల షెడ్డులో ఆ మాటే చెప్పాను.

"తెలియదమ్మా."

"మీకు తెల్వదు. మా ఊరోళ్లకు తెలుసు." ఆమె వెటకారంగా అనలేదు. అలిసిపోయి అంది.

సాన్వి కొంగు చాటు నుంచి చెయ్యి చాపి అల్మాజ్ జడ పాయ ఒకటి పట్టుకుంది. రజిత ఆ చేతిని విదిలించి, జడలోంచి ఒక వెంట్రుకైనా పాప వేళ్లకు అంటుకుందేమోనని ఒక్కో వేలూ విప్పి చూసింది.

నస్పూర్

జగిత్యాల మీదుగా మంచిర్యాల చేరి, నస్పూర్‌లో దిగేసరికి పొద్దు వాలుతోంది. కంపెనీ క్వార్టర్లు ఒకే అచ్చులో పోసినట్టు వరసగా ఉంటాయి. ఉతికి ఆరేసిన బట్టలన్నిటికీ ఒకే నలుపు. మొదటి షిఫ్టు దిగిన మగవాళ్లు అరుగుల మీద కూర్చుని ఉన్నారు. ఒకరి తాత శ్రీకాకుళం నుంచి వచ్చాడట, ఇంకొకరి నాన్న బస్తర్ నుంచి. ఇప్పుడు అందరి నోటా ఇక్కడి మాటే.

సరోజ మాకోసం సర్వపిండి చేసింది. గిన్నె అడుగున ఒత్తి కాల్చిన బియ్యప్పిండి రొట్టె, పల్లీలు, నువ్వులు, కరకరమనే అంచు. నేను రెండో ముక్క తింటుండగా అసలు సంగతి ఎత్తింది.

"మేడం, గోర్లు లేవని నాకెరికె. మా ఆడోళ్లవి తీస్కపోదాం."

"అంటే?"

"అంటే ఏముంది? పొట్లాలు గట్టి పేర్లు రాద్దాం. ఎవల గోర్లో ఎవలకు ఎర్కైతది?"

నేను చెయ్యి కడుక్కున్నాను. వాదనకు కూర్చునే ముందు నాకది అలవాటు. "అబద్ధం చెప్పను సరోజా. గోళ్లలో ఏ శక్తీ లేదని చెప్పాల్సిన మనమే తిరిగిచ్చేస్తే, ఉందని ఒప్పుకున్నట్టు కాదా? నిజం చెబుదాం. కరిగించాం, కొలిచాం, మీ బోరు నీళ్లు మంచివి కావు అని చెబుదాం."

"గోర్లల్ల ఏం లేదనేగదా మీరనేది?"

"అవును."

"ఏం లేనిదానికి ఎవలవైతే ఏంది?"

నలభై ఏళ్లుగా వాదిస్తున్నాను. అలవాటైన జవాబే తీశాను. "అలా చేస్తే ఆ మూఢనమ్మకాన్ని మనమే బలపరిచినట్టు" అన్నాను.

"మీరు బలపరచక ముందే అది మా అవ్వ నెత్తిమీద కూసున్నది మేడం. గోర్లను తేజాబుల కరిగించినమని చెప్తరా? పొయ్యిల పెట్టి కాల్చినమన్నా జర నయముండె. మీ నిజం విన్నంక మా అవ్వకు ఇల్లు దక్కదు."

అల్మాజ్ అప్పటిదాకా గోడకు ఆనుకుని వింటోంది. తనవైపు కుమ్మరులనూ కమ్మరులనూ బుడా అంటారని, వాళ్ల చూపు తగిలితే పిల్లలు చిక్కిపోతారని నమ్ముతారని చెప్పింది. వాళ్ల అమ్మమ్మ కుమ్మరి. ఊరివాళ్లు ఆవిడ కుండలు కొనేవాళ్లు, ఆవిడ ముందు మాత్రం అన్నం తినేవాళ్లు కాదు. "ఆవిడ అలాగే చచ్చిపోయింది. నిజం చెప్పడానికి ఎవరైనా వచ్చి ఉంటే బాగుండేది. అబద్ధం చెప్పడానికైనా ఎవరూ రాలేదు" అంది.

సరోజ పక్క క్వార్టర్ల ఆడవాళ్లను పిలుచుకొచ్చింది. సంగతి విని వాళ్లంతా "అయ్యో పాపం" అన్నారు. గోళ్లు తియ్యమంటే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"మంగళారం గదా సరోజక్కా."

"దీపాలు పెట్టే యాల్లాయె."

"రేపు పొద్దుగాల తీస్తం, పక్కా."

నేను విజయగర్వంతో సరోజ వైపు చూశాను. "చూశావా? ఇదీ నేను చెప్పేది!" అన్నాను. సరోజ, "మంచిగ చూసిన. మరి మీరు తియ్యుండ్రి" అని కత్తెర నా చేతిలో పెట్టింది. మంగళవారం, దీపాల వేళ, నట్టింట్లో, పంతం కొద్దీ పది వేళ్ల గోళ్లూ తీసిచ్చాను. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని చూశారు. మా అమ్మ ఉంటే ఆమె కూడా అలాగే చూసేది. తెనాలిలోనూ మంగళవారం మంగళవారమే. పొట్లం కట్టాక గానీ నాకు వెలగలేదు. వద్దు వద్దంటూనే ఆ అబద్ధంలో మొదటి పొట్లం నాదైంది.

తెల్లారి వాళ్లు మాట నిలబెట్టుకున్నారు. నవ్వుతూ, తోసుకుంటూ, పాత దినపత్రిక మీద గోళ్లు రాల్చారు. "మా అత్తవి గూడ తీస్కపోరాదు మేడం, ఎవలన్న మంత్రం ఏస్తే నాకే లాభం" అని ఒకామె. "నీ అత్తవి ముట్టుకుంటే మంత్రగాడే సస్తడు" అని ఇంకొకామె. ఇంటర్ చదివే అమ్మాయి ఒకతి పరుగున వచ్చి తనవీ రాల్చి కాలేజీకి వెళ్లిపోయింది. ముప్పై పొట్లాలు కట్టి పేర్లు రాశాం.

ఊరు

ఆసిఫాబాద్‌లో బస్సు మారి, ఆటో పట్టుకుని వెళ్లాం. దారికి రెండువైపులా ఆకు రాల్చిన టేకు చెట్లు. పత్తి ఏరేసిన చేలల్లో ఎండు కట్టె నిలబడి ఉంది. మా కృష్ణా డెల్టాలో ఎండాకాలమైనా ఎక్కడో ఒక కాలవ కనబడుతుంది. ఇక్కడ కంటికి ఆనే పచ్చదనం లేదు. ఆటో డ్రైవర్ మరాఠీ పాట పెట్టాడు. అల్మాజ్ అర్థమేమిటని అడిగితే, "నాకు తెల్వది బాయీ, ఊగుతది గదా అని పెట్టిన" అన్నాడు. ఆ దారి పొడుగునా మేం నవ్వింది అదొక్కసారే.

లచ్చుబాయి అంగన్‌వాడీ గది కడుగుతోంది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. తినేవాళ్లు లేకపోయినా రోజూ వండుతోందట. వండకపోతే పనిలోంచి తీసేస్తారని కాదు. "ఏమో, ఒక్క పొల్లగాడన్న రావచ్చు గదా" అంది. గుడ్లు ఒక తట్టలో ఉన్నాయి. పెంకు తియ్యని ఉడికిన గుడ్లు.

సరోజ పొట్లాల సంచీ చూపించి పథకం చెప్పింది. లచ్చుబాయి కూతురి మాట విని నా వైపు తిరిగింది.

"అసలుయి ఏమైనయి మేడం?"

"కరిగించాం అవ్వా. పరీక్ష కోసం."

"కరిగినయా? పోనీ తియ్యి. గోర్లేగదా." తడి చేతులు చీరకు తుడుచుకుంది. ఈ మొత్తం గొడవలో నేను విన్న తెలివైన మాట అదొక్కటే. "మరి గీ పొట్లాలు ఇద్దామా ఒద్దా మీరే చెప్పుండ్రి."

"నువ్వే చెప్పాలి అవ్వా. ఇల్లు నీది."

ఆమె గుడ్ల తట్ట వైపు చూసింది. "ఇద్దాం. పిల్లలు తింటే సాలు నాకు."

మర్నాడు పొద్దున బడి వరండాలో ఊరు కూడింది. పెద్దమనిషి మారుతి కాక. తెల్ల టోపీ, నెమ్మదైన మాట. క్రూరుడు కాదు. నాకు కుర్చీ వేయించాడు, టీ ఇప్పించాడు. లచ్చుబాయికి మాత్రం వరండా కింద నేల.

"గోర్లు తెచ్చిండ్రా మేడం?"

"తెచ్చాం."

"అన్నీ?"

"అన్నీ."

ఆయన అల్మాజ్ వైపు తిరిగాడు. "మరి పరీక్ష జేస్తమంటిరి గదమ్మా. జేసిండ్రా? మా నీళ్లు మంచియా, కావా?"

మేం దారంతా ఆలోచించి కూడా ఆలోచించని ప్రశ్న అదే. గోళ్లు చెక్కుచెదరకుండా పొట్లాల్లో ఉన్నాయంటే పరీక్ష జరగలేదని. పరీక్ష జరిగిందంటే ఈ పొట్లాలు దొంగవని. బడి పక్క బోరు దగ్గర ఒక పిల్లవాడు దోసిట పట్టి తాగుతున్నాడు. అల్మాజ్ వాడిని చూసింది. తర్వాత నేల మీద కూర్చున్న లచ్చుబాయిని చూసింది. పెదవులు మూసుకుని, ఆ చారల పళ్లు కనబడనివ్వకుండా, రాజవ్వ నేర్పిన తెలుగులో మెల్లగా అంది:

"చెయ్యలే కాకా."

నేను ఊరుకోలేకపోయాను. "పరీక్ష సంగతి ఎలా ఉన్నా, ఆ ఎర్ర గీత బోరు తాగకండి. కావాలంటే ఇప్పుడే ఒక సీసాలో నీళ్లు తీసుకెళ్లి..."

"ఒద్దు మేడం." మారుతి కాక చేతులు జోడించాడు. "గీ ఊర్లెకెళ్లి మీరు ఇంకేం తీస్కపోవద్దు. నీళ్లు గూడ."

వెనక నుంచి ఎవరో, "ఆ బోరు నీళ్లే తాగి మా తాత ఎనభై ఏండ్లు బతికిండు" అన్నారు. ఆ తాత నడుము వంగి చేతికర్ర మీద బతికి ఉంటాడని నాకు తెలుసు.

పొట్లాలు పంచారు. ఎవరివి వాళ్లు విప్పి చూసుకున్నారు. ఒకామె సంతోషంతో, "గిది నాదే! గీ వంకర గోరు నాదే!" అని చుట్టుపక్కల వాళ్లందరికీ చూపించింది. ఆ పొట్లంలోవి నా గోళ్లు. అప్పుడు మారుతి కాక తన పొట్లం విప్పాడు. చూసి, వేలితో కదిపి, వెలుతురులోకి ఎత్తిపట్టాడు. ఒక గోరు ముక్క అంచున ఎర్రటి మెరుపు.

నస్పూర్ ఇంటర్ అమ్మాయి గోళ్లరంగు అది. పొట్లం కట్టినవాళ్లలో ఎవరమూ చూడలేదు.

ఆయన ఆ ముక్కను పొట్లంలోకి జారవిడిచాడు. "కుంకుమ" అన్నాడు. "పెట్టింది. లచ్చుబాయి నా గోరు మీద కుంకుమ పెట్టి మంత్రమేసింది."

అది గోళ్లరంగు అనాలి. అంటే ఎవరి గోళ్లరంగు అని అడుగుతారు. డెబ్బై ఏళ్ల మారుతి కాక గోళ్లకు రంగు ఎక్కడిది? నేను కుర్చీలోంచి సగం లేచాను. సరోజ నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. లచ్చుబాయి నేల మీద నుంచే నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. నేను కూర్చున్నాను. ఎన్నో వేదికల మీద అవధూతల నోళ్లు మూయించిన నోరు నాది. దాన్ని ఆ వరండాలో నేనే మూసుకున్నాను.

మారుతి కాక తేరుకున్నాడు. తీర్పు ఆయనకు న్యాయంగానే తోచింది. "పెట్టిందిగని, తెచ్చి ఇచ్చింది. ఇచ్చినంక ఇంకేముంది? మాఫ్. ఇగ ఎవలు లచ్చుబాయిని ఏమనొద్దు. పిల్లలను పంపుండ్రి."

పొట్లాలన్నీ ఊరి పొలిమేరలో గొయ్యి తీసి, ఉప్పూ పసుపూ చల్లి పూడ్చారు. వచ్చేటప్పుడు ఆడవాళ్లు లచ్చుబాయికి దారి వదిలారు. ఇంతకుముందు ఆమెను చూసి పక్కకు తప్పుకునేవాళ్లట. ఇప్పుడు తలలు వంచి వదిలారు.

ఆ మధ్యాహ్నం పిల్లలు వచ్చారు. వరసగా కూర్చున్నారు. ఎప్పుడూ పప్పులో కారం ఎక్కువైందని గోల చేసేవాళ్లట. ఆ రోజు ఒక్కరూ నోరెత్తలేదు. పళ్లేల్లో మెతుకు మిగల్చకుండా తిన్నారు. లచ్చుబాయి ఒక పిల్లవాడి తల నిమరబోతే వాడు కదలకుండా కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

తిరుగు దారి

మేం బయల్దేరే పొద్దున రజిత వచ్చింది. ఊళ్లో సంగతి ఫోన్‌లో విని కొండ దిగిందట. సాన్విని లచ్చుబాయి కాళ్ల దగ్గర కూర్చోబెట్టింది.

"అత్తా, నన్ను తిట్టు, కొట్టు. పెట్టిన చెయ్యే తియ్యాలె."

"నేనేం పెట్టలేదు బిడ్డా."

"తియ్యత్తా. నీ కాళ్లు మొక్కుత."

లచ్చుబాయి పాప తల మీద చెయ్యి పెట్టింది. "తీస్త. కానీ డాక్టరు మందు దినాం వెయ్యాలె. ఒక్క పూట తప్పినా మళ్ల నా చేతుల లేదు. మందు అయిపోక ముందే మంచిర్యాల పోవాలె, మళ్ల తేవాలె." రజిత ప్రతి మాటకూ తల ఊపింది. కొండగట్టులో నేను అరిచి చెప్పినా ఎక్కని మాట, ఆ చెయ్యి కింద ఎక్కింది. నాకు సంతోషం కలగాలి. పాప బాగుపడుతుంది కదా. బాగుపడ్డ ప్రతిరోజూ లచ్చుబాయి మంత్రగత్తె అని ఊరికి రుజువవుతూ ఉంటుంది.

గుమ్మం దాకా వచ్చి లచ్చుబాయి, "ఇగ రాకుండ్రి మేడం" అంది. కోపంగా కాదు. "మీరు మళ్లొస్తే మళ్లేదో తీస్కపోతరని భయపడతరు." మాకు దారిలో తినమని నాలుగు ఉడికిన గుడ్లు మూటగట్టి ఇచ్చింది.

అల్మాజ్ తన నివేదికలో ఫలితాలు రాసింది. అవి వాళ్ల దేశంలోనూ మన దేశంలోనూ చదవాల్సినవాళ్లు చదువుతారు. ఆ ఊరు చదవదు. విద్యా సంవత్సరం ముగిసి ఆమె వెళ్లిపోయింది, నేను తెనాలి వచ్చాను.

మొన్న సరోజ ఫోన్ చేసింది. సాన్వికి మళ్లీ మూర్ఛ రాలేదట. బోరు దగ్గర ఇంకా వరస ఉందట. అమావాస్య తెల్లారి వాళ్ల అవ్వ తలుపు తీసేసరికి గడపలో పసుపు రాసిన నల్లకోడి కాళ్లు కట్టేసి ఉందట.

"అవ్వ భయపడి ఇప్పి ఇడిసిపెట్టింది మేడం. తక్కువైందేమో అనుకున్నరు. నిన్న మేకపిల్లను కట్టేసి పోయిండ్రు."

"ఎవరు?"

"ఎవలో చెప్తలేరు. మేక అరుస్తాంది. ఇప్పి ఇడిసిపెట్టు అవ్వా అంటే ఒద్దంటాంది. ఇప్పితే ఇంకేం తెస్తరో అని."